ఎర్రగీతల సీసా

సోమవారం తెల్లారి ఉషారాణి లేచేసరికి అత్త చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. మేకుకు వేలాడాల్సిన గళ్ళ సంచీ లేదు. గుమ్మం దగ్గర చెప్పులు లేవు. ఆమె ఎవరినీ అడగలేదు. పొయ్యి మీది గంజి దించి మూత పెట్టి, కొంగు దోపుకొని రోడ్డెక్కింది.

భావనపాడు నుంచి టెక్కలి వెళ్ళే ఆటో మలుపులో ఆగింది. డ్రైవరు ఆమెను చూడగానే నవ్వాడు.

"మీ అత్త ముందు ట్రిప్పులోనే ఎల్లిపోనాదొదినా. పక్కన సీటు కాళీగా ఉంటే ఒకడు కూకోబోనాడు. 'మా ముసిలోడి సెయ్యికి తగుల్తాది, అటు జరుగు' అన్నాది. ఆడు దడుసుకొని నా పక్కకొచ్చీసినాడు."

ఆటోలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఉషారాణి నవ్వలేదు. ముసలాయన, అంటే మామ పోలయ్య, పోయి యాభై రోజులు దాటింది. నాలుగేళ్ళ పాటు సోమవారం, గురువారం అత్త నారాయణమ్మ ఆయనను టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళి, మిషను మీద రక్తం శుభ్రం చేయించి తెచ్చేది. ఇప్పుడు ఆయన లేకుండానే వెళ్తోంది. ఇది ఐదోసారి.

ఆసుపత్రిలో ఆ గది ముందు అందరూ చెప్పులు విడుస్తారు. ఉషారాణి కూడా విడిచి, అద్దం తలుపు తోసి నిలబడింది. ఎన్నిసార్లు చూసినా ఆ గది మీద ఆమెకు నమ్మకం కుదరదు. ఒక్కో మంచం పక్కన ఒక్కో మిషను. మనిషి చేతిలోంచి నెత్తురు ఎర్రటి గొట్టంలో పైకి వచ్చి, చిన్న చక్రం చుట్టూ తిరిగి, జల్లెడలాంటి బుడ్డిలోంచి దిగి మళ్ళీ అదే చేతిలోకి పోతుంది. ఒంట్లో నెత్తురంతా బయట తిరుగుతుంటే మనిషి పడుకొని పైకప్పు చూస్తూ ఉంటాడు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన వాళ్ళింట్లో ఎవరూ ఇంతకంటే పెద్ద వింత చూడలేదు.

ఐదో మంచం పక్కన స్టూలు మీద అత్త కూర్చుని ఉంది. అది మామ మంచం. ఇప్పుడు దాని మీద వేరే ఆయన ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయి, మెడలో సన్నటి గొలుసు, ఉద్దానం పల్లెల్లో కొబ్బరితోటలున్న ఇంటి మనిషి లాగున్నాడు. మంచం తలవైపు కాగితం మీద ధర్మారావు అని రాసి ఉంది. అత్త అరచెయ్యి ఆయన మోచేతి కింద, మిషను సూదుల కోసం డాక్టర్లు రెండు నరాలు కలిపి కుట్టిన చోట ఆనించి ఉంది.

"పలుకుతాదా?" అన్నాడాయన భయంగా.

"పలుకుతాది బాబూ. శంకం సెవి కాడ ఎట్టుకున్నట్టు గుయ్యిమంటాది. పొద్దున్న లేవగానే ఇలగ సెయ్యేసి సూసుకోవాల. పలికినాదంటే ఆ రోజుకి బెంగ నేదు."

ఉషారాణికి అత్త తెల్లవారుజామునే లేచి కూర్చోవడం గుర్తొచ్చింది. మామ ఉన్నప్పుడు నాలుగు గంటలకే లేచి ఆయన చేతి మీద చెయ్యి వేసి చూసేది. ఇప్పుడూ అదే వేళకు లేస్తుంది. చాప మీద పక్కన తడుముతుంది. తరవాత తెల్లారేదాకా అలాగే కూర్చుంటుంది.

"నీళ్ళొకటే అప్పా నాకు కష్టం," అన్నాడు ధర్మారావు. చేపలు అమ్ముకునే ఇంటి మనిషిని ఆయన సొంత అక్కను పిలిచినట్టు అప్పా అని పిలవడం ఉషారాణి చెవికి కొత్తగా తగిలింది. "రోజుకి అర లీటరు. దాహం సంగతి అటుంచు. ఇంట్లో ఎవరూ నా ముందర నీళ్ళు తాగరు. మా ఆవిడ తలుపెనక్కి ఎల్లి తాగుతాది. ఆ గుటక నాకు ఇనిపిస్తాది. నేనొస్తే మనవరాలు సీసా దాసీస్తాది. నన్ను సూసి నీళ్ళు దాసుకుంటన్నారంటే, నేను ఇంట్లో మనిషినేనా అనిపిస్తాది."

అత్త ఆయన చేతి మీది దుప్పటి అంచు సరిచేసింది.

జానకిరామ్ తలుపు దగ్గరికి వచ్చాడు. కాశీబుగ్గ కుర్రాడు, మిషన్లు చూసేది అతనే. గొంతు తగ్గించి చెప్పాడు.

"పెద్దమ్మని తిట్టకక్కా. కొత్తవాళ్ళకి ఆవిడ మాట్లాడితే ధైర్యం. కాని పేషెంటు తాలూకు మనిషి కాదు కదా. ఎవరావిడ, ఎందుకొస్తోందని పైవాళ్ళు అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

ఉషారాణి తల వంచుకుంది. వెళ్ళి అత్త భుజం మీద చెయ్యి వేసింది. వేలికి ఎముక తగిలింది.

"లే అత్తా. పోదాం."

నారాయణమ్మ దొంగతనం పట్టుబడినట్టు లేచి సంచీ అందుకుంది.

తిరిగి వచ్చే ఆటోలో ఉషారాణి ఆగలేకపోయింది.

"పోయిన నెల కేంపులో రగతం తీసినారు. రిపోర్టు బాగున్నాది. డాక్టరే సెప్పినాడు గదా, నీకేటీ నేదని. మరెందుకు తినవు? ఎందుకు పడుకోవు? ఊరంతా ఏటనుకుంటన్నాదో నీకు తెలుసా?"

"నాకేటీ నేదే," అంది నారాయణమ్మ ఆటో పక్క ఖాళీలోంచి బయటికి చూస్తూ. "అదే నానూ అంటన్నాను."

కిడ్నీ జబ్బు ఇంటింటికీ పాకిన ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒళ్ళు బాగోలేదంటే ఒకటే అర్థం. ఆకలి లేకపోయినా, నీరసంగా ఉన్నా, కాళ్ళు లాగినా ముందు కిడ్నీ పరీక్షకు పరిగెడతారు. కాగితం మీద అంకె పెరిగితే ఇల్లంతా ఏడుస్తుంది. పెరగకపోతే గండం గడిచిందని కొబ్బరికాయ కొడతారు. ఆ తరవాత కూడా మనిషి ముద్ద మింగకపోతే అది జబ్బు కాదు, మొండితనం. ఉషారాణి కూడా నెల రోజులుగా అలాగే అనుకుంటోంది.

ఇంటికి రాగానే ఆమె సంచీ లాక్కొని, పాత వలల కుప్ప కింద తోసేసింది. అత్త చూసింది. అడ్డం పడలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

*

మంగళవారం వేలెడంత నెత్తళ్ళ చేపలు బాగా పడ్డాయి. ఒడ్డున ఇసకలో పాత వలలు పరిచి ఆడవాళ్ళు ఎండేస్తున్నారు. ఉషారాణి అత్తను కూడా చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. పనిలో పడితే మామూలు మనిషి అవుతుందని ఆమె ఆశ. భర్త మోహనకృష్ణ గుజరాత్ బోట్ల మీద ఉన్నాడు. రాత్రి ఫోన్లో అతనూ అదే అన్నాడు, అమ్మను ఒంటరిగా ఒగ్గీకు అని.

నారాయణమ్మ కూర్చుంది. చేతులకు పని గుర్తుంది. గంపలోంచి పిడికెడు చేపలు తీసి, మణికట్టు ఒక్కసారి విదిలిస్తే అవి ఒకదాని మీద ఒకటి పడకుండా వల మీద పరుచుకునేవి. వెండి పొడి చల్లినట్టు. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఆ విదిలింపు ఇంకెవరికీ రాలేదు. ఉషారాణి పదిహేనేళ్ళుగా నేర్చుకుంటోంది, ఇంకా గుత్తులుగానే పడతాయి.

"ఒలే ఉషా, మీ అత్త నిన్న కూడా ఎల్లిందట గదా," అంది పక్కన పరుస్తున్న దుర్గ. "పోలయ్య మావ పిలుత్తన్నాడే. బతికున్నప్పుడు పట్టుకున్న సెయ్యి. పోనాక ఒగ్గుతాడా? తాయెత్తు కట్టించు."

"నీ మొగుడు రోజూ ఎండుమిరపకాయలా ఎగురుతాడు గదా, ముందు ఆడికి కట్టు," అంది ఉషారాణి.

ఆడవాళ్ళు నవ్వారు. నారాయణమ్మ నవ్వలేదు. ఆమె చెయ్యి మధ్యలో ఆగిపోయి ఉంది. పిడికిట్లో చేపలు అలాగే ఉన్నాయి. కళ్ళు సముద్రం మీద ఉన్నాయి కాని చూస్తున్నట్టు లేవు. తరవాత మెల్లగా, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, నెత్తళ్ళ మీదికి ఒరిగిపోయింది.

దుర్గే ముందు పట్టుకుంది. నలుగురూ కలిసి కొబ్బరిమట్టల పందిరి కిందికి మోశారు. ఉషారాణి చెంబుతో నీళ్ళు తెచ్చి పెదాలకు ఆనించింది. అత్త స్పృహలోనే ఉంది. పళ్ళు బిగించి, నోరు పక్కకు తిప్పుకుంది. కొన్ని నీళ్ళు గడ్డం మీదుగా ఇసకలోకి కారాయి.

"తాగత్తా. నీ కాళ్ళట్టుకుంటాను."

"కొలత నేదు," అంది నారాయణమ్మ. నాలుక అంటుకుపోయి మాట సరిగా రాలేదు. "కొలత నేకుండా ఒద్దు."

ఏ కొలతో ఎవరికీ అర్థం కాలేదు.

ఇంటికి చేర్చాక, చేప పొలుసులంటిన ఒళ్ళు తుడవడానికి మెత్తటి తువ్వాలు కావలసి వచ్చింది. మామ తువ్వాలు సంచీలో ఉంటుంది. ఉషారాణి వలల కుప్ప కిందినుంచి సంచీ లాగింది. ఉతికి మడిచిన దుప్పటి, తువ్వాలు, ఆసుపత్రి పుస్తకం, స్టీలు డబ్బా. డబ్బాలో నిన్నటి ఇడ్లీలు రెండూ అలాగే ఉన్నాయి. అడుగున రెండు సీసాలు.

రెండూ ఒకటే రకం. అర లీటరువి. రెండింటి మీదా అడ్డంగా ఐదు ఎర్రగీతలు. ఆ గీతలు ఎక్కడివో ఉషారాణికి తెలుసు. తన కూతురు ప్రియ హాస్టలుకు వెళ్ళకముందు గోళ్ళరంగుతో తాత సీసాకు పెట్టింది. పొద్దున్నకి ఒక గీత, మందులకి ఒకటి, మధ్యాహ్నానికి, సాయంత్రానికి, పడుకునేముందు ఒకటి. అంతకు మించి తాగితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని డాక్టరు చెప్పాడు.

ఒక సీసాకు తెల్లటి పట్టీ అంటించి ఉంది. పోలయ్య, ఐదో మంచం. అది ఎండిపోయి ఉంది. రెండో దానికి పట్టీ లేదు. దాంట్లో నీళ్ళున్నాయి, రెండో గీత దాకా దిగి. గీతలు కూడా ప్రియ పెట్టినంత నీటుగా లేవు. వంకరగా, వేలితో రాసినట్టున్నాయి. రంగు పాతబడి అంచులు పెచ్చులూడాయి.

ఉషారాణి ఆ సీసా పట్టుకొని చాప దగ్గర చతికిలబడింది.

"ఇదెవరిదత్తా?"

"నాది."

"నీకెందుకు కొలత?"

నారాయణమ్మ చెయ్యి చాపింది. సీసా అందుకొని మూత తీసి, మూడో గీత దాకా, వెలుతురుకు ఎత్తి చూసుకుంటూ, రెండు గుక్కలు తాగింది. మూత బిగించింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె తాగిన నీళ్ళు అవే. సంచీ దాచినప్పుడు తను దాచింది ఏమిటో ఉషారాణికి అప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్ళనుండి?"

"ఆయనకి కొలతెట్టిన కాడనుండి."

"నాలుగేళ్ళా?"

"ఆయన నాలిక పీక్కుపోతంటే నా గొంతు దిగుతాదేటే."

"ఆయన సూడనప్పుడు తాగొచ్చు గదా. మిషను మీద నాలుగ్గంటలూ మావ పడుకునే ఉండీవోడు."

"అదృష్టవంతుడు, మిషను పని నిద్దరలోనే అయిపోయీది." నారాయణమ్మ సీసాను గుండె మీద పెట్టుకుంది. "ఆయన సూడకపోతే మాత్రం? నా నోరు నాకు తెలవదేటి?"

"ఇప్పుడాయన పోనాడు గదా అత్తా."

"పోనాడు," అంది నారాయణమ్మ. సీసా మీద వేలు పెట్టి, "గీత ఉన్నాది గదా," అంది.

ఉషారాణి నీళ్ళ కుండ వైపు చూసింది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర నాలుగేళ్ళు. ఎండలోంచి వచ్చి, వాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని ఉండగానే కుండలోంచి చెంబుతో ముంచి గటగటా తాగేది తను. మామ తల తిప్పుకునేవాడని గమనించింది. పక్కన ఇంకో మనిషి కూడా ఎండిపోతోందని ఒక్కరోజూ గమనించలేదు. ఇద్దరు మనుషులు ఒకే కొలతకు రెండు సీసాలు పెట్టుకొని, ఎవరికీ తెలియకుండా, అదే ఇంట్లో గడిపేశారు.

*

బుధవారం ఉషారాణి ఒక పని చేసింది. పొద్దున్నే తను కూడా ఒక అర లీటరు సీసాకు ఐదు గీతలు పెట్టి, నీళ్ళు నింపుకొని ఒడ్డుకు వెళ్ళింది. ఎవరికీ చెప్పలేదు.

మొదటి గీత పొద్దున్నే అయిపోయింది. ఎండ ఎక్కేసరికి రెండోది. మార్చి నెల ఎండ, ఉప్పుగాలి. నెత్తళ్ళు తిరగేస్తుంటే ఉప్పు పెదాల మీద పేరుకుంది. పన్నెండింటికి నాలుక అంగిలికి అంటుకుంది. ఎదురుగా అంత సముద్రం. చూసేకొద్దీ దాహం పెరుగుతోంది. చేతిలో పని ఉన్నా ధ్యాసంతా సీసా మీదే. దుర్గ ఏదో అడిగితే వినపడలేదు, మళ్ళీ అడిగితే కోపం వచ్చింది. రెండింటికి లేచి, కుళాయి దగ్గరికి నడిచి, దోసిలి పట్టి, ఊపిరి తిరగనంత తాగింది. తాగాక కుళాయి గట్టు మీదే కూర్చుండిపోయింది.

ఒక్క పూట. అత్త నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ ఆ మనిషి పని చేసింది, పక్కింటివాళ్ళతో హాస్యాలాడింది, మొగుడికి గంజి వార్చి ఉప్పు లేకుండా కూర వండింది. ఇంత చేసిన మనిషికి ఇప్పుడు చేయడానికి ఏమీ లేదు. ఆ గీత ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా తను వలల కింద దాచేసింది.

ఆ సాయంత్రం ఆమె దుప్పటి ఉతికి ఆరేసింది. సంచీ మేకుకు తగిలించింది.

"రేపు గురువారం," అంది అత్తతో. "నానూ వత్తాను."

నారాయణమ్మ ఆమె ముఖంలోకి చూసింది, ఇది ఏం ఎత్తో తెలియక.

*

గురువారం ఆటోలో నారాయణమ్మ పక్క సీట్లో ఉషారాణి కూర్చుంది. నారాయణమ్మ జరగమనలేదు.

ఉషారాణి ముందు జానకిరామ్‌తో మాట్లాడింది. సీసా చూపించింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. చిన్న వయసు ఆవిడ. పోయిన నెల రిపోర్టు చూసి పక్కన పెట్టి, స్టూలు లాక్కొని నారాయణమ్మ ఎదురుగా కూర్చుంది.

"నిద్ర పడుతోందా అమ్మా?"

"నాలుగింటికి మెలకువొచ్చీత్తాది."

"ఆకలి?"

"నేదు."

"గుండె దడగా ఉంటుందా?"

"సెయ్యి కింద ఏటీ పలక్కపోతే ఉంటాది."

డాక్టరమ్మ స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది. "బతకాలని ఉందా అమ్మా?"

ఇంట్లో ఎవరూ అడగని మాట అది. నారాయణమ్మకు కోపం రాలేదు. ఎంతో కాలంగా ఎవరైనా అడుగుతారని చూస్తున్నదానిలా నెమ్మదిగా చెప్పింది.

"సావాలని నేదు తల్లీ. ఉండడానికి పనే నేదు."

డాక్టరమ్మ ఉషారాణి వైపు తిరిగింది. "రక్తం మళ్ళీ తీస్తాను. కిడ్నీలు బాగానే ఉండొచ్చు. కాని మనిషి బాగాలేదు. ఏళ్ళ తరబడి ఒకరిని కనిపెట్టుకొని ఉన్నవాళ్ళకి, ఆ ఒక్కరూ పోయాక ఇలా అవుతుంది. ఇదీ జబ్బే. మందులిస్తాను, వారం వారం నేను చూడాలి. అన్నిటికంటే ముందు నీళ్ళు. ఇలాగే ఉంటే ఈ మంచాల్లో ఒకటి ఈవిడకే వేయాల్సి వస్తుంది." లేచి, జానకిరామ్‌తో అంది, "ఎవరని పైవాళ్ళు అడిగితే నా పేషెంటని చెప్పు. ఇక్కడే కూర్చోనీ."

నారాయణమ్మ ఐదో మంచం దగ్గరికి వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది. ధర్మారావు మిషను మీద ఉన్నాడు. అరచెయ్యి ఆయన చేతి కింద ఆనించి చూసింది. పలుకుతోంది.

ఉషారాణి బయట కుళాయి దగ్గర స్టీలు గ్లాసు నిండా మంచినీళ్ళు పట్టి తెచ్చింది. గ్లాసు చూడగానే నారాయణమ్మ కొంగు అడ్డం పెట్టింది.

"ఈయన ముందరా? తప్పే. అవతలికి తీసుకుపో."

"ఆవలకి తెత్తే తాగుతావా?"

నారాయణమ్మ కొంగు దించలేదు. జానకిరామ్ పక్క మిషను దగ్గర ఏదో సరిచేస్తూ ఉన్నాడు. చేతిలో పని ఆపి, ఇటు తిరిగాడు.

"పెద్దమ్మా, ఒక మాట చెప్తాను. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఇప్పుడు ఒట్టు ఎవరికి. పోలయ్య పెదనాన్న ఎప్పుడూ పడుకోలేదు."

"ఎప్పుడు?"

"మిషను మీద. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నిద్రపోలేదు. నువ్వు తాగుతావని కళ్ళు మూసుకునేవాడు. నేను పట్టీ సరిచేయడానికి వంగితే ఒక కన్ను తెరిచి, 'ముసల్ది తాగినాదా?' అనేవాడు. లేదంటే మళ్ళీ మూసుకునేవాడు."

నారాయణమ్మ అతని వైపు తిరిగింది.

"ఆయన నాతో ఎందుకు సెప్పలేదు బాబూ?"

"చెప్తే, ఆయన నిద్రపోవాలని నువ్వు బయటికెళ్ళి కూకుంటావని భయం. అప్పుడు పక్కన ఎవరుంటారని."

నారాయణమ్మ ఐదో మంచం దిండు వైపు చూసింది. దాని మీద ఇప్పుడు వేరే తల ఉంది. అయినా చాలాసేపు చూసింది. ఆమె పెదాలు కదిలాయి. ఏడుస్తుందనుకుంది ఉషారాణి.

"దొంగ ముసిలోడు," అంది నారాయణమ్మ. "నాలుగేళ్ళూ నన్ను కనిపెట్టుకొని తొంగున్నాడు."

యాభై రోజుల్లో ఆమె గొంతులో ఆ వెటకారం వినడం అదే మొదలు.

ధర్మారావు దిండు మీద తల కొంచెం ఎత్తాడు. సూదులున్న చెయ్యి కదపకుండా, రెండో చేత్తో ఆమె అడ్డం పెట్టిన కొంగును మెల్లగా కిందికి దించాడు.

"అప్పా, నేను కళ్ళు మూసుకోను," అన్నాడు. "మనిషి కడుపారా నీళ్ళు తాగడం సూసి నాకు నెలలైనాది. నా ముందరే తాగు. సూత్తాను."

నారాయణమ్మ ఉషారాణి చేతిలోంచి గ్లాసు తీసుకుంది. అలవాటుగా వెలుతురుకు ఎత్తింది. స్టీలు గ్లాసులోంచి ఏమీ కనపడదు. దించి, రెండు చేతులతో పట్టుకొని పెదాలకు ఆనించింది.

మొదటి గుక్క నోట్లోనే ఆగిపోయింది. బుగ్గలు నిండి, కళ్ళు పెద్దవై, ఎలా మింగాలో మరిచిపోయిన దానిలా ఉండిపోయింది. తరవాత గొంతు ఒక్కసారి కిందికి కదిలింది. మళ్ళీ కదిలింది. ఆమె మెడలో ఎండిపోయిన నరాల మధ్య నుంచి నీళ్ళు దిగడం ఉషారాణికి కంటికి కనిపించింది. తన పిల్లను కన్నప్పుడు కూడా ఉషారాణి ఇంత నిశ్శబ్దంగా దేన్నీ చూడలేదు. మంచం మీద ధర్మారావు గొంతు కూడా నారాయణమ్మతో పాటే గుటకకు గుటక కదులుతోంది.

గ్లాసు వంగి వంగి ఖాళీ అయింది.

"ఎలగున్నాదప్పా?" అన్నాడాయన, ఆత్రంగా.

నారాయణమ్మ మూతి తుడుచుకోలేదు. గడ్డం మీది చుక్కను అలాగే ఉండనిచ్చింది.

"సల్లగున్నాది బాబూ. గుండె కాడికి ఎల్లినాది. ఇప్పుడు కడుపులోకి దిగుతన్నాది."

ఆయన తృప్తిగా తల దిండుకు ఆనించాడు. నారాయణమ్మ ఖాళీ గ్లాసును కోడలి వైపు చాపింది, ఇంకా కావాలన్నట్టు.

ఉషారాణి దాన్ని అందుకొని కుళాయి వైపు నడిచింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. ఐదో మంచం మీద మనిషి కళ్ళు తెరిచే ఉన్నాడు.